ట్యాంకు

చెరువు, తొట్టి అనే అర్థాల్లో గుజరాతీ, పోర్చుగీసు భాషల ప్రభావంతో ఆంగ్లంలో స్థిరపడిన ‘ట్యాంకు’ మాట, 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో తయారవుతున్న కవచ వాహనాలను నీటి తొట్లుగా నమ్మించేందుకు బ్రిటిషువారు పెట్టిన మారుపేరుగా మారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధరంగంలో గుట్టు బయటపడినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌లో మిగిలింది పాత అర్థమే. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప, పత్తి చేలలోనైతే వీపున తగిలించుకుని మందు కొట్టే పిచికారీ డబ్బాను, అందులో పట్టేంత మందునీళ్ల కొలతను కూడా ట్యాంకనే అంటారు కనుక, ‘ఎకరాకు పది ట్యాంకులు’ అనే మాట అక్కడ ఎవరినీ బెదిరించదు. బండి అనే అర్థమున్న ‘శకటం’ గణతంత్ర దినోత్సవపు అలంకృత వాహనాలకు రూఢి అయింది; సైనిక వాహనాన్ని మాత్రం పత్రికలు ‘యుద్ధ ట్యాంకు’ అని వ్యవహరిస్తున్నాయి.