జన్యువు కన్నా ముందే చేజారిన పత్తి గింజ

బీటీ పత్తి మీద మన దగ్గర పాతికేళ్లుగా నడుస్తున్న వాదమంతా జన్యువు చుట్టూ తిరుగుతోంది. అది విషమని ఒక పక్షం, వరమని ఇంకో పక్షం. 2002 మార్చి 26న కేంద్రంలోని జెనెటిక్ ఇంజినీరింగ్ అప్రూవల్ కమిటీ మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు మహికో కంపెనీ బీటీ పత్తి విత్తనాలకు అనుమతి ఇచ్చిన రోజునే కథ మొదలైందన్నట్టు రెండు పక్షాలూ మాట్లాడతాయి. తెలుగు నేల మీద పత్తి సాగు చరిత్ర తిరగేస్తే ఆ తేదీ నడి కథలో వచ్చిన ఘట్టమని తెలుస్తుంది. రైతు చేతిలోంచి పత్తి గింజ జారిపోవడం అంతకు మూడు దశాబ్దాల ముందు, హైబ్రిడ్‌తో మొదలైంది. విత్తన కంపెనీల పెత్తనానికీ, ఏటేటా పెరిగే పెట్టుబడికీ, చివరికి గులాబీ రంగు పురుగు తిరగబడటానికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. జన్యువును తిట్టడంలో, పొగడటంలో మునిగిపోయి ఆ మూలాన్ని మనం చూడకుండా వదిలేశాం.

పాత పత్తికి ఊరి పేరు, నేల పేరు ఉండేవి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పండి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కిన కాస్త ఎర్రజీర పత్తిని విదేశీ వర్తకులు కోకనాడ పత్తి అన్నారు. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో పండేది నార్తర్న్స్. అనంతపురం, బళ్లారి వైపుది వెస్టర్న్స్. శ్రీకాకుళం కొండపత్తిని పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో దువ్వి సన్న నూలు తీస్తారు. ఇవన్నీ వానకు పండే దేశవాళీ రకాలు, దిగుబడి తక్కువ, పింజ పొట్టి. కానీ గింజ రైతుది. ఇందులోనూ అంతా సవ్యంగా ఉండేదని చెప్పలేను. జిన్నింగ్ మిల్లులు వచ్చాక రైతు గింజతో సహా పత్తిని అమ్మేయడం, నాలుగు ఊళ్ల పత్తి మిల్లులో కలిసిపోవడం, ఆ కలగాపులగం గింజనే మళ్లీ కొనుక్కుని విత్తడం ఇరవయ్యో శతాబ్దం మొదటికే మామూలైంది. 1921లో ఏర్పడిన ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ, 1925లో వచ్చిన జిన్నింగ్, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల చట్టం ఈ కల్తీని అడ్డుకోవడానికి పుట్టినవే. ఆనాటి ప్రభుత్వానికి లాంకషైర్ మిల్లుల అవసరమే ముఖ్యం కావచ్చు. అయినా పరిశోధన కేంద్రాలు ఎంపిక చేసి ఇచ్చిన రకాలు మాత్రం రైతు దాచుకుని మరుసటి ఏడు విత్తుకోగలిగినవే. నంద్యాల, లాం కేంద్రాలు ఆ తర్వాత కూడా ఆ పనే చేశాయి. నంద్యాల నుంచి వచ్చిన నరసింహ రకాన్ని పాత రైతులు ఇప్పటికీ తలుచుకుంటారు.

1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తిని విడుదల చేశారు. వ్యాపార స్థాయిలో సాగైన హైబ్రిడ్ పత్తి ప్రపంచంలో అదే మొదటిది. రెండేళ్లకు ధార్వాడ్‌లో బి.హెచ్. కటార్కి వరలక్ష్మిని తెచ్చారు. ఇద్దరూ ప్రభుత్వ శాస్త్రవేత్తలే, వారి ప్రతిభను తక్కువ చేయడానికి లేదు. కాయ పెద్దది, పింజ పొడవు, నీరూ ఎరువూ ఉంటే దిగుబడి బాగా ఎక్కువ. అయితే హైబ్రిడ్ గింజకు ఒక లక్షణం ఉంది. రెండు వేర్వేరు తల్లిదండ్రులను కలిపి తీసిన మొదటి తరంలోనే ఆ జోరు ఉంటుంది. చేలో పండిన గింజను దాచి మళ్లీ వేస్తే ఆ గుణాలు విడిపోతాయి, ఒక మొక్కకూ మరో మొక్కకూ పొంతన ఉండదు. అందుకని ఏటా కొనాల్సిందే. కంపెనీకి ఇంతకన్నా గట్టి రక్షణ ఏ పేటెంటూ ఇవ్వలేదు. చట్టం, కోర్టు, తనిఖీ ఏవీ అక్కర్లేదు, గింజే రైతును దుకాణానికి పంపిస్తుంది.

ఈ విత్తనం ఎలా తయారవుతుందో చూస్తే మన దేశంలోనే ఇది ఎందుకు నిలబడిందో అర్థమవుతుంది. గద్వాల, నంద్యాల ప్రాంతాల సీడు పత్తి చేలల్లో ఆడ మొక్కలు, మగ మొక్కలు విడివిడిగా వేస్తారు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను గుర్తుపట్టి, గోటితో రేకులతో సహా పుప్పొడి భాగాన్ని ఒలిచేసి, కీలాగ్రం దెబ్బతినకుండా పైన రంగు కాగితం తొడుగుతారు. పొద్దున్నే మగ పువ్వు తెంపుకొచ్చి ఆ కీలాగ్రం మీద పుప్పొడి అద్దుతారు. దీన్నే అక్కడ క్రాసింగ్ అంటారు. ఎకరానికి వేల పువ్వులు, నెలల తరబడి, ఒక్కో పువ్వూ చేత్తోనే. చిన్న వేళ్లకు ఈ పని త్వరగా అబ్బుతుందనే సాకుతో బడి మాన్పించి ఆడపిల్లలను ఈ చేలల్లో పెట్టారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడు చేలల్లో బాలికల వెట్టి మీద దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు ఆ సంగతి లోకానికి చెప్పాయి. కూలి ఖరీదైన దేశాల్లో హైబ్రిడ్ పత్తి ఎందుకు వేళ్లూనుకోలేదో చెప్పడానికి ఈ ఒక్క పని చాలు. చైనాలో కొంత ఉన్నా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో పత్తి దాదాపుగా సూటి రకాలే, అంటే హైబ్రిడ్ కానివే. పొలమంతా హైబ్రిడ్ పరుచుకున్నది ఇక్కడే.

1988 విత్తన విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపులు బార్లా తెరిచింది. ప్రభుత్వ కేంద్రాలు పెంచిన తల్లిదండ్రుల వంగడాల మీదే చాలా కంపెనీలు ఎదిగాయి, హైదరాబాద్ విత్తన వ్యాపారానికి రాజధాని అయింది. ఇదే కాలంలో పురుగు మందుల వాడకమూ ఎగబాకింది. సింథటిక్ పైరెత్రాయిడ్లు చల్లిన కొద్దీ గుంటూరు, ప్రకాశం చేలల్లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పెరిగాయి తప్ప తగ్గలేదు. 1987లో అక్కడ, 1997-98లో వరంగల్‌లో పత్తి రైతుల ఆత్మహత్యలు వరసగా జరిగాయి. అప్పటికి మన దగ్గర అమ్మకానికి బీటీ విత్తనం లేదు. రైతుల చావులన్నిటికీ బీటీనే కారణమని చెప్పేవారు ఈ తేదీలను ఒకసారి చూడాలి. ఖరీదైన విత్తనం, అప్పు మీద తెచ్చిన మందు, వాన మీద ఆధారపడ్డ నేల, ధర లేని మార్కెట్టు కలిసి చేసిన నష్టం అది.

బీటీ ఆ పరిస్థితిలోకి వచ్చింది. నేలలో బతికే ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువు మొక్కలో చేరి తయారుచేసే ప్రోటీను, కాయ తొలిచే పురుగు పొట్టలో విషమవుతుంది. 1998లో మహికోలో 26 శాతం వాటా కొన్న అమెరికా కంపెనీ మోన్‌శాంటో ఆ కంపెనీతో కలిసి దీన్ని తెచ్చింది. మొదటి మూడు విత్తనాలు వరంగల్‌లో రైతులను ముంచాయి. 2005లో ఆ మూడింటినీ ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకుండా కేంద్ర కమిటీయే ఆపేసింది. తర్వాత ఇతర కంపెనీల హైబ్రిడ్లలోకి అదే జన్యువు ఎక్కింది, రైతులు ఎగబడి కొన్నారు. దేశంలో పత్తి దిగుబడి 2001-02లో హెక్టారుకు 308 కిలోల దూది ఉంటే 2007-08 నాటికి 554 కిలోలకు, మొత్తం ఉత్పత్తి 158 లక్షల బేళ్ల నుంచి 307 లక్షల బేళ్లకు చేరింది. కొత్త మందులు, ఎరువులు, గుజరాత్‌లో పెరిగిన నీటి వసతి కూడా ఇందులో ఉన్నాయని పత్తి శాస్త్రవేత్త కేశవ్ క్రాంతి, మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ లాంటివారు చూపించారు. అయినా శనగపచ్చ పురుగు మీద బీటీ పని చేసిందన్నది నిజం. మొదటి పదేళ్లలో ఆ పురుగుకు కొట్టే మందు తగ్గింది. దీన్ని ఒప్పుకోకుండా వాదించేవాళ్ల మాట రైతు వినడు, వినకపోవడం సబబే.

ఈ దశలో ప్రభుత్వం నిలబడి పోరాడిన మాట కూడా చెప్పాలి. 450 గ్రాముల ప్యాకెట్టు సుమారు 1,850 రూపాయలకు అమ్ముతూ అందులో 1,250 దాకా జన్యువు రుసుముగా తీసుకోవడం అన్యాయమని 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాన్ని అరికట్టే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది. ఆ ఏడే ధర 750కి దిగింది, మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2007లో రాష్ట్రం పత్తి విత్తనాల ధర నిర్ణయానికి సొంత చట్టం చేసింది. 2016లో కేంద్రం ప్యాకెట్టుకు 800 రూపాయలు, అందులో రుసుము 49 అని తేల్చింది. ఇంతలో మోన్‌శాంటోకూ హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌కూ రుసుము గొడవ కోర్టుకెక్కి, 2018లో ఢిల్లీ హైకోర్టు పేటెంటు చెల్లదంటే, 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి విచారణకు పంపింది. 2021లో రెండు పక్షాలూ రాజీపడ్డాయి. రైతుకు కొంత డబ్బు మిగిలింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ పదిహేనేళ్ల పోరాటమంతా ప్యాకెట్టు ఎంతకు కొనాలనే దాని మీద. అసలు ఏటా ఎందుకు కొనాలని ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే గులాబీ రంగు పురుగు కథ వేరుగా ఉండేదేమో. 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో ఈ పురుగు మొదటి బీటీ జన్యువును తట్టుకుంటోందని మోన్‌శాంటోయే ప్రకటించింది. రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 కూడా 2014-15 నుంచి లొంగదీయలేకపోయింది, తర్వాత మన రెండు రాష్ట్రాల్లోనూ కాయ పగలదీస్తే లోపల గులాబీ పురుగు కనబడింది. అదే పురుగును, అదే జన్యువుతో, సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను వదిలే పద్ధతి కూడా తోడు చేసుకుని అమెరికా తన పత్తి చేలల్లోంచి పూర్తిగా తుడిచిపెట్టి 2018లో ప్రకటించింది. జన్యువు ఒకటే, పురుగు ఒకటే, ఫలితాలు తారుమారు. పురుగుకు తట్టుకునే శక్తి త్వరగా రాకుండా పక్కన వేసే బీటీ లేని పత్తిని, అంటే రెఫ్యూజియాను, రైతులు వేయకపోవడమే కారణమని కంపెనీల వాదన. అప్పట్లో ప్యాకెట్టుతో ఇచ్చిన 120 గ్రాముల బీటీ లేని గింజలు గట్ల చుట్టూ ఐదు వరసలు వేయాలని నియమం ఉండేదన్న మాట నిజం. రెండు, మూడు ఎకరాల కౌలు రైతు ఆ ఐదు వరసలూ పురుగుకు ఎందుకు వదులుతాడన్నది ఆ నియమం రాసినవాళ్లు ఆలోచించలేదు. అంతకన్నా పెద్ద కారణం పంట కాలం. ఖరీదు పెట్టి కొన్న హైబ్రిడ్ గింజను దూరం దూరంగా వేసి, గుబురుగా పెంచి, రెండో ఏరుడు, మూడో ఏరుడు అంటూ ఆరేడు నెలలు చేలో ఉంచుతాం. గులాబీ రంగు పురుగు పంట చివర్లో విజృంభించేది, ఆ నెలలే దానికి పండగ. ఎకరాకు ఎన్నో రెట్లు మొక్కలు దగ్గరగా వేసి ఐదు నెలల్లో దులిపేసే పొట్టి సూటి రకాలకు ఆ బెడద తక్కువ. కానీ అలా దగ్గరగా వేయడానికి ఎన్నో రెట్లు విత్తనం కావాలి, హైబ్రిడ్ ధరకు అది కుదిరే పని కాదు.

హైబ్రిడ్ లేకపోతే కంపెనీ డబ్బు పెట్టదు, జన్యువు మన దాకా రాదు అనే వాదనకు బలం ఉంది. ప్రభుత్వ సంస్థలు ప్రయత్నించి దెబ్బతిన్నాయి కూడా. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి దాచుకోగల గింజగా తెచ్చిన బికనేరి నర్మా బీటీలో మోన్‌శాంటో జన్యువే ఉందని తేలి, దాన్ని ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. అది సిగ్గుపడాల్సిన అధ్యాయం. అయితే అది మన సంస్థల నిర్లక్ష్యాన్ని చూపుతుంది గానీ దారి లేదని చూపదు. అదే రైతు, పక్క చేలో వరి వేస్తాడు. 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఇప్పటికీ పొలాల్లో ఉన్నాయి. ఎవరి గింజ వారు దాచుకుంటారు, బంధువులకు ఇస్తారు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకు రాసిచ్చింది. వరి రైతుకు ఆ హక్కు ఇంట్లో బస్తాలో ఉంది. పత్తి రైతుకు అది కాగితం మీదే ఉంది. రైతే ఇష్టపడి హైబ్రిడ్ ఎంచుకున్నాడు కదా అంటారు. వరంగల్ పల్లెల్లో స్టోన్ గమనించింది, రైతులు ఏటా ఒక కొత్త పేరు వెంట గుంపుగా పరుగెత్తడం, ఒక విత్తనాన్ని నాలుగేళ్లు పరీక్షించి తెలుసుకునే అవకాశమే లేకపోవడం. దుకాణంలో వందల బొమ్మల ప్యాకెట్లు, సూటి రకం ఒక్కటీ లేదు. దాన్ని ఎంపిక అనలేం.

ఇప్పుడు కలుపు మందును తట్టుకునే పత్తి గింజలు అనుమతి లేకుండా బీజీ-3 పేరుతో ఊళ్లలో తిరుగుతున్నాయి. బిల్లు ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కు ఉండదు. కలుపు తీసే కూలి భరించలేక రైతు కొంటున్నాడు. జన్యువంటే అతనికి భయం లేదని దీన్నిబట్టి గ్రహించాలి, అతని బాధ ఖర్చు, నష్టం వచ్చినప్పుడు తనొక్కడే మోయడం. ఇంకోవైపు 2025 మేలో హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి జన్యువును సవరించి చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, కమల అనే రకాన్ని కేంద్రం ప్రకటించింది. దాని మూలం బాపట్లలో పుట్టిన, మన రైతులు నలభై ఏళ్లుగా కాపాడుకొచ్చిన గింజ. సవరణకు వాడిన పరికరాల పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. కమల మంచిదా చెడ్డదా అనే చర్చకు ముందు, దాన్ని రైతు దాచుకుని మళ్లీ విత్తుకోవచ్చని, పక్కవాడికి ఇవ్వవచ్చని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ, కేంద్రాన్నీ మనం ఇప్పుడే, గింజ పొలానికి రాకముందే అడగాలి.