మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్

మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ హైదరాబాదు నగరం కేంద్రంగా పనిచేసే స్వచ్ఛంద సంస్థ. ఎం.వి. ఫౌండేషన్ అనే పొట్టి పేరుతో ఇది ఎక్కువగా ప్రసిద్ధి. ప్రముఖ చరిత్రకారుడు, రాజనీతి శాస్త్రవేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఆయన కుటుంబ సభ్యులు 1981లో దీనిని నెలకొల్పారు. తొలి దశాబ్దంలో సాంఘిక పరిశోధనకు పరిమితమైన ఈ సంస్థ 1991 నుండి బాలకార్మిక వ్యవస్థ నిర్మూలనను, పిల్లలందరినీ ప్రభుత్వ పాఠశాలలకు చేర్చడాన్ని తన ప్రధాన కార్యక్రమంగా స్వీకరించినది. సొంత పాఠశాలలు స్థాపించడం దీని ధ్యేయం కాదు. ఉన్న సర్కారు బడి ఊరిలోని ప్రతి బిడ్డకూ అందేటట్లు చేయడమే దీని ధ్యేయం. సంస్థకు రూపకల్పన చేసినవారిలో ముఖ్యురాలు ఆచార్య శాంతా సిన్హా.

పేరు వెనుక వ్యక్తి

మామిడిపూడి వెంకటరంగయ్య (1889 - 1982) నెల్లూరు జిల్లాలో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, బొంబాయి విశ్వవిద్యాలయంలోను అధ్యాపకులుగా పనిచేశారు. ఆంధ్రప్రదేశ్‌లో స్వాతంత్ర్యోద్యమ చరిత్రకు సంబంధించిన ఆధారాలను నాలుగు సంపుటాలుగా సంకలనం చేసిన సంపాదకులుగా ఆయన పేరు చరిత్ర విద్యార్థులకు సుపరిచితం. భారతదేశంలో స్థానిక ప్రభుత్వాలపై ఎం. పట్టాభిరాంతో కలిసి గ్రంథం వెలువరించారు. తెలుగులో "మారుతున్న సమాజం - నా జ్ఞాపకాలు" అనే ఆత్మకథ రచించారు. భారత ప్రభుత్వం 1968లో పద్మభూషణ్ పురస్కారంతో ఆయనను గౌరవించినది.

పంచాయతీలు, పురపాలక సంఘాల వంటి స్థానిక సంస్థలు బలపడనిదే ప్రజాస్వామ్యం వేళ్ళూనదన్న ఆలోచనా ధోరణికి చెందిన పండితులాయన. ఆయన పేరిట వెలసిన సంస్థ తరువాతి కాలంలో గ్రామ పంచాయతీని, బడి కమిటీని తన పనికి ఆధారం చేసుకొన్నది.

శాంతా సిన్హా

శాంతా సిన్హా 1950 జనవరి 7న నెల్లూరులో జన్మించారు. వెంకటరంగయ్యకు ఈమె మనుమరాలు. తండ్రి మామిడిపూడి ఆనందం. పాఠశాల విద్య సికింద్రాబాదులో సాగినది. 1972లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. పట్టాను, 1976లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటును పొందారు. అనంతరం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఆంధ్రప్రదేశ్‌లోని మావోయిస్టు ఉద్యమంపై ఆమె రచించిన ఆంగ్ల గ్రంథం 1989లో వెలువడినది.

1980ల ద్వితీయార్ధంలో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న శ్రామిక విద్యాపీఠం బాధ్యతలు ఆమెకు లభించాయి. ఆ పనిమీద రంగారెడ్డి జిల్లా గ్రామాలలో తిరుగుతూ వెట్టి కార్మికులను సంఘాలుగా కూర్చే ప్రయత్నం జరిగినది. వెట్టిచాకిరి 1976 నాటి చట్టంతోనే రద్దయినప్పటికీ, అప్పు తీరేవరకు భూస్వామి ఇంట "జీతం" ఉండే ఆచారం పల్లెలలో కొనసాగుతూ ఉండేది. అలా జీతం ఉన్నవారిలో పెద్ద సంఖ్యలో పిల్లలే ఉన్నారని ఈ అనుభవంలో తేలినది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పశువుల కాపరిగా కుదురుకొనేవాడు. వాడు పెద్దవాడై మరల అప్పు చేసేవాడు. పెద్దలను విడిపించినా, పిల్లలు పనిలో ఉన్నంతకాలం ఈ గొలుసు తెగదన్న నిర్ణయానికి శాంతా సిన్హా, ఆమె సహచరులు వచ్చారు. 1991లో సంస్థ దిశ మారడానికి కారణం ఇదే.

ఆనాటి పరిస్థితి

1986 నాటి బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన వృత్తులలో మాత్రమే పిల్లల పనిని నిషేధించినది. వ్యవసాయం, పశువుల మేపకం, ఇంటిపని దాని పరిధిలోకి రాలేదు. గ్రామాలలో పనిచేసే పిల్లలలో అత్యధికులు మాత్రం ఈ పనులలోనే ఉండేవారు. వీరికోసం ప్రభుత్వం సాయంకాలపు అనియత విద్యా కేంద్రాలను నడిపేది. పగలంతా పని, రాత్రి రెండు గంటల చదువు అన్నది నాటి విధానం.

పేదరికం పోనిదే బాలకార్మిక వ్యవస్థ పోదని విధానకర్తలు, మేధావులు సాధారణంగా భావించేవారు. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వైనర్ 1991లో ప్రచురించిన గ్రంథంలో దీనిని ప్రశ్నించారు. నిర్బంధ విద్యను అమలుచేయకపోవడానికి కారణం ఆదాయాల లేమి మాత్రమే కాదని, చదువు కొందరికి, చాకిరి కొందరికి అని నమ్మే పాలకుల, విద్యావంతుల మనస్తత్వమేనని ఆయన వాదించారు. అదే సంవత్సరం ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెలలో దాదాపు ఇదే భావనను ఆచరణలో పరీక్షించడం మొదలుపెట్టినది.

రాజీలేని సూత్రాలు

సంస్థలో పనిచేసే ప్రతి ఒక్కరూ అంగీకరించవలసిన ఐదు సూత్రాలు ఉన్నవి. వీటి సారాంశం ఇది:

1. పిల్లలందరూ పూర్తికాలం పగటి బడికి, అనగా క్రమబద్ధమైన పాఠశాలకు వెళ్ళాలి.
2. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే.
3. పిల్లలు చేసే ఏ పనియైనా వారి ఎదుగుదలకు హాని కలిగించేదే.
4. బాలకార్మిక వ్యవస్థను పూర్తిగా నిర్మూలించాలి.
5. ఈ వ్యవస్థ కొనసాగడాన్ని సమర్థించే ఏ వాదననైనా ఖండించాలి.

రెండవ సూత్రం ఎక్కువ చర్చకు గురైనది. కూలికి పోయే బాలుడిని అందరూ బాలకార్మికుడిగా గుర్తిస్తారు. తమ్ముణ్ణి ఎత్తుకొని, నీళ్ళు మోసి, వంట చేసే బాలిక ఏ లెక్కలోనూ కనిపించదు. ఆమె కార్మికురాలు కాదు, విద్యార్థిని కూడా కాదు. ఆ బాలికను లెక్కలోనికి తెచ్చినది ఈ నిర్వచనమే.

పని విధానం

సంస్థ కార్యకర్తలు, ముఖ్యంగా ఆ ఊరి యువకులు, యువతులు మొదట ఇంటింటికీ వెళ్ళి బడి ఈడు పిల్లల జాబితా పేరుపేరునా తయారుచేస్తారు. బడి హాజరు పట్టికతో దానిని సరిచూస్తారు. బడిలో లేని పిల్లల తల్లిదండ్రులతో, పనికి పెట్టుకొన్న యజమానులతో పదేపదే మాట్లాడతారు. తగవు పెంచుకోకుండా ఊరందరి ఎదుట విషయాన్ని చర్చకు పెట్టడం వీరి పద్ధతి. పిల్లలను స్వచ్ఛందంగా విడిచిపెట్టిన యజమానులను గ్రామసభలో సన్మానించే ఆచారం కూడా ఉన్నది.

చిన్న పిల్లలను నేరుగా బడిలో చేర్పిస్తారు. పదేళ్ళు దాటిన పిల్లవాడిని ఒకటవ తరగతిలో పసిపిల్లల నడుమ కూర్చోబెడితే నాలుగు రోజులకే పారిపోతాడు. ఇటువంటివారికై సంస్థ వసతితో కూడిన వారధి శిబిరాలను ఏర్పరచినది. శిబిరంలో మొదటి కొన్ని వారాలు ఆటపాటలతో గడుస్తాయి. పిదప వారి వయస్సుకు తగిన తరగతిలో చేరగలిగేటట్లు చదువు చెబుతారు. శిబిరం ముగిసిన పిమ్మట ప్రభుత్వ పాఠశాలలోను, అవసరమైనచోట సాంఘిక సంక్షేమ వసతి గృహంలోను చేర్పిస్తారు. ఆపై పదవ తరగతి వరకు వారిని గమనిస్తూ ఉంటారు.

పిల్లలు పెరిగేకొద్దీ బడిలో గదులు, ఉపాధ్యాయులు చాలక కొత్త చిక్కు వచ్చేది. అప్పుడు గ్రామస్థులు, బడి కమిటీ కలిసి అదనపు బోధకులను నియమించుకోవడం, పంచాయతీ ద్వారా మండలాధికారులకు అర్జీలు పెట్టడం జరిగేది. బడి లోపాలు చూపి దానిని విడిచిపెట్టరాదని, ఆ లోపాలపై అధికారులను నిలదీయాలని సంస్థ గ్రామస్థులకు బోధించినది.

ఉపాధ్యాయుల పాత్ర

ఈ ఉద్యమంలో ప్రభుత్వ ఉపాధ్యాయుల పాత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1990ల ద్వితీయార్ధంలో వీరు "బాల కార్మిక విమోచన వేదిక" పేరుతో ఒక సంఘంగా ఏర్పడినారు. వేరువేరు ఉపాధ్యాయ సంఘాలకు చెందినవారు ఇందులో కలిసి పనిచేశారు. బడి వేళల తరువాత ఇళ్ళకు వెళ్ళి పిల్లలను పిలుచుకొని రావడం, చేరిక సమయంలో జనన ధ్రువపత్రం, బదిలీ పత్రం వంటి కాగితాల పేరిట పేదవారిని తిప్పకుండా చూడడం, తోటి ఉపాధ్యాయులకు నచ్చజెప్పడం వీరు చేపట్టిన పనులు. మొదటి తరం విద్యార్థి తండ్రికి బడి గుమ్మం ఒక కచేరీ వలె కనిపిస్తుంది. ఆ భయాన్ని తొలగించగలిగినవాడు ఉపాధ్యాయుడే అన్నది వేదిక విశ్వాసం.

గ్రామాలలో సర్పంచులు, యువజన సంఘాలు, మహిళలతో "బాలల హక్కుల పరిరక్షణ వేదిక" లు ఏర్పడినవి. బడి మానిన పిల్లలతోపాటు బాల్యవివాహాలను ఆపే పనిని కూడా ఇవి స్వీకరించాయి. సంస్థ జాతీయ సమన్వయకర్తగా ఆర్. వెంకట్ రెడ్డి దీర్ఘకాలం సేవలందించారు.

విత్తన పత్తి చేలలో బాలికలు

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సంకర జాతి పత్తి విత్తనాల సాగు విస్తరించడంతో "క్రాసింగ్" పనికి బాలికల గిరాకీ పెరిగినది. ఉదయాన్నే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు ఒక్కొక్కదానికి చేతితో అద్దవలసి ఉంటుంది. పిల్లల వేళ్ళు సున్నితమైనవని సాకు చెప్పేవారు. తక్కువ కూలి, ముందుగా ఇచ్చే బయానా అసలు కారణాలు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు ఈ విషయాన్ని దేశవిదేశాల దృష్టికి తెచ్చాయి. 2003 నుండి ఎం.వి. ఫౌండేషన్ విత్తన కంపెనీలతోను, రైతులతోను చర్చలు జరిపి చేలలో పిల్లలను పెట్టుకోరాదన్న ఒత్తిడి తెచ్చినది. రైతుకు కంపెనీ చెల్లించే ధర పెద్దల కూలికి సరిపోయేటట్లు ఉండాలన్న అంశం ఈ చర్చలలో ప్రధానమైనది.

చట్టాలు, జాతీయ స్థాయి కృషి

ఉచిత ప్రాథమిక విద్య పౌరుని హక్కు అని సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు చెప్పినది. ఆ కేసులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు విద్య ప్రాథమిక హక్కు అయినది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. బడి వెలుపల ఉన్న బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఈ చట్టంలోని నాలుగవ సెక్షను చెబుతున్నది. వారధి శిబిరాలలో సంవత్సరాలుగా ఆచరించినది కూడా ఇదే.

2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు శాంతా సిన్హా తొలి అధ్యక్షురాలుగా నియమితులై, రెండు పర్యాయాలు, 2013 వరకు కొనసాగారు. విద్యాహక్కు చట్టం అమలును పర్యవేక్షించే బాధ్యత ఈ కమిషన్‌దే. ఛత్తీస్‌గఢ్‌లోని సంఘర్షణ ప్రాంతాల నుండి ఖమ్మం జిల్లా అడవులకు తరలివచ్చిన కుటుంబాల పిల్లల స్థితిగతులను కమిషన్ పరిశీలించినది. అటువంటి ప్రాంతాలలో "బాల బంధు" పేరుతో స్థానిక యువకుల ద్వారా పిల్లలను బడికి చేర్చే ప్రయోగం కూడా జరిగినది.

పదవీ విరమణానంతరం, సంక్షేమ పథకాలకు ఆధార్‌ను తప్పనిసరి చేయడాన్ని ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టును ఆశ్రయించినవారిలో ఆమె ఒకరు. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడి ప్రవేశం నిరాకరించరాదని 2018 సెప్టెంబరులో వెలువడిన తీర్పు స్పష్టం చేసినది.

విమర్శలు

పిల్లల సంపాదన లేకుంటే పేద కుటుంబం గడవదని, పిల్లలు చేసే ప్రతి పనినీ చాకిరిగా పరిగణించడం అతిశయమని కొందరు ఆర్థికవేత్తలు, స్వచ్ఛంద సంస్థలవారు వాదించారు. పిల్లలు చవకగా దొరకడమే పెద్దల కూలి పెరగకపోవడానికి కారణమని, కడుపు కట్టుకొని అయినా బిడ్డను చదివించాలని కోరుకొనే తల్లిదండ్రులే ఎక్కువమంది అని సంస్థ సమాధానం చెప్పినది.

సర్కారు బడిలో చదువు సరిగా లేనప్పుడు పిల్లలను అక్కడికి పంపి ప్రయోజనమేమిటన్న ప్రశ్న మరింత బలమైనది. తెలుగు నాట కాస్త స్తోమత కలిగినవారు సైతం ప్రైవేటు పాఠశాలలకు మళ్ళడంతో, అనేక గ్రామాలలో ప్రభుత్వ బడి నిరుపేదల బడిగా మిగిలినది. ఊరి పెద్దల పిల్లలు లేని బడి గురించి అడిగేవారు తగ్గిపోతారు. బడి ఊరందరిదీ అన్న భావనపై ఆధారపడిన ఈ ఉద్యమానికి ఇది గట్టి పరీక్షయే.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్ళలోపు పిల్లలను అన్ని వృత్తులలోను నిషేధించినప్పటికీ, బడి వేళల తరువాత కుటుంబ వృత్తిలో సాయపడడాన్ని అనుమతించినది. ఈ మినహాయింపు సంస్థ ప్రకటించిన మూడవ సూత్రానికి విరుద్ధం.

విస్తరణ, గుర్తింపు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతోపాటు మధ్యప్రదేశ్, బీహారు, అస్సాం మున్నగు రాష్ట్రాల సంస్థలకు, ప్రభుత్వాలకు ఎం.వి. ఫౌండేషన్ శిక్షణను అందించినది. ఐరోపా సంస్థలు 2003లో ప్రారంభించిన బాలకార్మిక వ్యతిరేక ప్రచారోద్యమంలో భాగస్వామిగా ఉండి, ఆఫ్రికా దేశాల కార్యకర్తలకు కూడా తన అనుభవాన్ని పంచినది. సంస్థ లెక్కల ప్రకారం బడికి చేరిన పిల్లల సంఖ్య పది లక్షల వరకు ఉన్నది.

శాంతా సిన్హాకు 1990ల చివరిలో పద్మశ్రీ పురస్కారం, 1999లో అంతర్జాతీయ ఉపాధ్యాయ సంఘాల సమాఖ్య ఇచ్చే ఆల్బర్ట్ షాంకర్ పురస్కారం లభించాయి. 2003లో సామాజిక నాయకత్వ విభాగంలో రామన్ మెగసెసే పురస్కారం అందుకొన్నారు.