నీతిపాఠము – సేవాపాఠము
హైదరాబాదు పాతనగర విద్యాలయముల చరిత్ర నుండి కొన్ని పుటలు

మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగి నయాపూల్ మీదుగా చార్మినారు వైపు నడచు మన గ్రామస్థులకు కుడిచేతి వైపున హైకోర్టు భవనము కనబడును. దానికి పడమటగా మూసీ గట్టున నిలిచియున్న గంభీరమైన రాతిమేడ నేటి ప్రభుత్వ సిటీ కళాశాల, ఒకనాటి సిటీ హైస్కూలు. 1856లో మొదటి సాలార్‌జంగు నెలకొల్పిన దారుల్‌ఉలూమ్ మదరసా దానికి మూలము. 1921లో పాఠశాల ఈ మేడకు చేరినది. ఆ సంవత్సరమే ముప్పదిమంది విద్యార్థులతో అందు ఇంటర్మీడియేటు తరగతులు మొదలైనవి. 1929లో అది కళాశాలయైనది. భవనమునకు రూపకల్పన చేసినవాడు విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల శిల్పి. ఇంతవరకు ఎవరైనను చెప్పగలరు. ఆ గోడల క్రింది నేల కథ మాత్రము కొందరే యెరుగుదురు. 1908 వరద ఊడ్చుకొనిపోయిన నదీతీరమును బాగుచేసిన పిదప అచ్చట లేచిన గొప్ప కట్టడములలో ఇది యొకటి.

ఆ వరద 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చినది. మూసీకి నీరు చేర్చు చెరువులలో 221 తెగినవని పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు లెక్కతేల్చిరి. అఫ్జల్ వంతెనయు, ముసల్లంజంగు వంతెనయు, చాదరుఘాటు వంతెనయు కొట్టుకొనిపోయినవి. పురానాపూల్ ఒక్కటే నిలిచినది. సుమారు పదునైదువేలమంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజు ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. కొమ్మపై నున్నవాడు క్రింద మునుగుచున్నవానికి చేయి అందించునప్పుడు వాని కులమేమని అడుగలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను అన్నసత్రములు తెరపించెను. సరోజినీ నాయుడుగారు సహాయకార్యములలో పాల్గొనిరి.

ఈ వరద కథకును పాఠశాలలకును సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. చెప్పెదను. గుణము పుస్తకముచే వచ్చునా, పనిచే వచ్చునా అను వాదము ఆ నగరమున ఆనాటికే యున్నది. పాతనగరమున శాలిబండలో 1895లో వెలసిన గ్రంథాలయము పేరే ‘భారత గుణవర్ధక సంస్థ’. చదువువలన గుణము పెరుగునన్న విశ్వాసము ఆ పేరులోనే కలదు. మన గ్రంథాలయమునకును పునాది ఆ విశ్వాసమే గనుక, దానిని ఒక్కమారు చరిత్రయందు ఒరసి చూచుట ఈ రజతోత్సవ వేళకు తగని పని కాదు.

మూసీకి ఉత్తరపు గట్టున, పాతనగరమునకు కూతవేటు దూరమున, 1906–07 ప్రాంతమున కేశవరావు కోరట్కరు, వామననాయకు మున్నగు పెద్దలు వివేకవర్ధని పాఠశాలను స్థాపించిరి. నిజాము రాజ్యమున ప్రజలు తమంత తాము నడుపుకొనిన విద్యాసంస్థలలో అది యెన్నదగినది. దాని మండపముననే 1921 నవంబరులో, మహర్షి కర్వే అధ్యక్షతన, సంఘసంస్కార మహాసభ జరిగినది. ఉర్దూ, మరాఠీ, ఆంగ్ల భాషలలో ప్రసంగములు సాగినంతసేపు సభ చెవియొగ్గి వినెను. అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడినంతనే ఈలలును చప్పట్లును లేచినవి. వచ్చినవారెవరు? చదువుకొన్నవారు, సంఘమును సంస్కరింప బూనినవారు. సభ జరుగుచున్నది వివేకమును వర్ధిల్లజేయుటకు పేరు పెట్టుకొన్న చోట. సంస్కారమును గూర్చిన ఉపన్యాసము వినుట వేరు, ప్రక్కవాని భాషను గౌరవించుట వేరు. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినదని తెలుగువారందరెరిగినదే. ఆ సంఘమువారు తిట్టుకు తిట్టు అప్పగింపక, ఊరూర గ్రంథాలయములును పఠనమందిరములును నెలకొల్పుటకు పూనుకొనుట గమనింపదగినది.

నీతిబోధను పాఠ్యక్రమమున చేర్చిన ప్రయత్నమును కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విధానమున ముస్లిం విద్యార్థులకు ‘దీనియాత్’ అను మతపాఠమును, తక్కినవారికి ‘అఖ్లాఖియాత్’ అను నీతిపాఠమును విధింపబడినవి. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని ఫలితము చూడుడు: అంతవరకు ఒకే బల్లపై కూర్చుండి గణితము నేర్చిన బాలురు, నీతి నేర్చుకొను వేళకు రెండు గదులుగా విడిపోవలసి వచ్చెను. 1938 నవంబరులో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతర గీతమును నిషేధించినప్పుడు కలిగిన అలజడి, విద్యార్థుల బహిష్కారము, వారిలో పలువురు నాగపురమునకు పోయి చదువు సాగించుట చరిత్రకెక్కినవి. దీనికంతకు ఆ పాఠములే కారణమని నేననను. రాజకీయ కారణములు బలముగా నుండెను. కాని చీలిక వచ్చిన నాడు నీతిపాఠము దానిని అతుకలేకపోయెనని మాత్రము చెప్పక తప్పదు.

ఇది మన నగరపు దోషము మాత్రమే కాదు. అమెరికా దేశమున హార్ట్‌షోర్న్, మే అను ఇద్దరు పండితులు 1924 నుండి అయిదేండ్లు దాదాపు 11,000 మంది బాలబాలికలను పరీక్షించిరి. పరీక్షలో కాపీ కొట్టుదురా, చిల్లర తిరిగి యిత్తురా అని రహస్యముగా గమనించిరి. నిజాయితీని గూర్చి బోధ వినినవారు వినని వారికంటె నిజాయితీపరులుగా కనబడలేదు. ఒకచోట సత్యసంధుడైనవాడే మరియొకచోట మోసగించెను. తరగతిలోని వాడుక, తోడివారి నడత, ఉపాధ్యాయుని ప్రవర్తన – ఇవియే బాలుని నడతను ఎక్కువగా మలచినవి. అనగా గుణము ఒక్కొక్కని జేబులోని సొత్తు కాదు, బడి గాలిలో కొంత యుండునన్నమాట.

ఆ గాలిని పనిచే మార్చవచ్చునని మన నగరమున ముందుగా చూపినవారిలో భాగ్యరెడ్డివర్మగారు ముఖ్యులు. 1888లో జన్మించిన మాదరి భాగయ్య పదునెనిమిదవ యేట, 1906లో, జగన్మిత్ర మండలిని నెలకొల్పెను. హరికథలును భజనలును దాని సాధనములు. 1910లో ఇసామియాబజారున అంటరానివారనబడిన పిల్లలకు తెలుగు పాఠశాల తెరచెను. క్రమముగా అట్టి బడులు ఇరువదికి మించినవి. తరువాత ప్రభుత్వము వాటిని తన నిర్వహణలోనికి తీసికొనెను. ఇవి హైస్కూళ్లు కావు, చిన్నబడులే. కాని వీని చుట్టు జరిగిన పని పెద్ద బడులు నేర్వదగినది. మద్యపానము, జంతుబలి, జోగిని ఆచారము వలదని ఆయన బోధించిన మాట నిజమే. ఆ బోధతో ఆయన ఆగలేదు. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన దినములలో ఆయన స్వచ్ఛందసేవకులు రోగుల యిండ్లకు పోయిరి. బంధువులే దగ్గరకు రాని కాలమది. తమ నీడ సోకరాదన్న వారి వాకిటికే సేవ చేయబోయిన యువకుడు ఇంటికి తిరిగివచ్చునప్పుడు వెనుకటి వాడు కాడు. వానిని చూచిన వీథియు వెనుకటి వీథి కాదు. ఏ పాఠ్యపుస్తకము ఈ పని చేయగలదు?

ఈ తత్త్వమునే మరియొక హైదరాబాదీయుడు దేశవిద్యకు చేర్చజూచెను. 1897లో ఈ నగరమున జన్మించిన డాక్టరు జాకీర్ హుసేన్‌గారు, 1937 వార్ధా సమావేశానంతరము గాంధీజీ నయీతాలీమ్‌కు ప్రణాళిక వ్రాసిన సంఘమునకు అధ్యక్షులు. చేతిపనిని చదువు నడుమ పెట్టవలెననియు, బడి ఊరికి ఉపయోగపడవలెననియు వారి మతము.

స్వాతంత్ర్యానంతరము సంఘములు చాల వచ్చినవి. వానిలో 1964–66 కొఠారీ సంఘము స్పష్టముగా లెక్కకట్టి చెప్పినది: సంఘసేవ సంవత్సరమునకు పది దినముల చొప్పున దిగువ మాధ్యమిక దశలో 30 దినములు, ఎగువ దశలో 20 దినములు విధిగా నుండవలెనని. ఆ సిఫారసు కాగితముపై నిలిచినది. 1969లో జాతీయ సేవాపథకము వచ్చినది గాని, అది మొదట విశ్వవిద్యాలయములకే పరిమితము. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము సూచించిన ‘సమాజోపయోగి ఉత్పాదక కృషి’ హైస్కూలుకు వచ్చుసరికి అనేకచోట్ల సుద్దముక్కలు, కాగితపు పూలు చేయించి మార్కులు వేయు పీరియడుగా క్షీణించెను. ఎవరికి ఉపయోగమో ఆ సమాజము ఆ గదిలో లేనే లేదు.

అమెరికాలో 1967 ప్రాంతమున సిగ్మన్, రామ్సే అనువారు ‘సేవాధ్యయనము’ అను మాట కల్పించిరి. అందులో సేవయొక్కటియే కాదు, అధ్యయనమును కలదు. పని చేసిన పిదప తరగతికి వచ్చి, ఏమి చూచితిమి, ఈ వీథికి మంచినీరు ఎందులకు రాదు, మన మాట వారికెట్లు తోచినది అని చర్చింపవలెను. నా యభిప్రాయమున మనవారు విడిచిపెట్టినది ఈ రెండవ సగమునే. చీపురు పట్టి ఫొటో తీయించుకొనుట సులభము. ఆ వీథివాని మాట విని దానిని లెక్కలలోను, సాంఘికశాస్త్రములోను చేర్చుట ఉపాధ్యాయునికి శ్రమ. ఇంకొక నియమమును పాతనగర చరిత్ర నేర్పుచున్నది: సేవ తన వీథి దాటవలెను. 1990 డిసెంబరు మతకలహములలో నూరుమందికి పైగా చనిపోయిన ఆ నగరమున, ఒక మహల్లా బాలుడు మరొక మహల్లాలో అడుగిడకయే హైస్కూలు ముగింపగలిగినచో, ఆ బడి ఎంత శుభ్రముగా నున్నను దాని గాలి మారలేదనియే చెప్పవలెను.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో మరల కుండపోత కురిసినది. కొద్దిదినములకు గుర్రంచెరువు గట్టు తెగి హఫీజ్‌బాబానగరు మొదలగు కాలనీలు మునిగినవి. 1908కిని దీనికిని నడుమ 112 సంవత్సరములు. ఈ మారును యువకులు నడుములోతు నీటిలో అన్నపు పొట్లములు మోసిరి, వృద్ధులను ఎత్తుకొని వచ్చిరి, ఇండ్లలోని బురదను తట్టలతో ఎత్తిపోసిరి. వారిలో హైస్కూలు వయస్సువారును ఉండిరి. కరోనాచే ఆనాడు బడులు మూసియుండెను. ఎవరింట ఏమి చూచితివని వారినడుగుటకు తరగతి లేదు. తొమ్మిది, పది తరగతులు మరల తెరచినది 2021 ఫిబ్రవరి 1వ తేదీన. అప్పటికి బురద ఆరి మూడు నెలలు దాటినది.