విశ్వవిద్యాలయ క్విజ్ పోటీ – భాష, సంస్థ, ప్రశ్నరచన: తిరుపతి ప్రాంతం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బీబీసీ వరల్డ్ ఛానల్‌లో ప్రసారమైన 'యూనివర్సిటీ ఛాలెంజ్' భారతీయ రూపంలో 2004-05 తుదిపోటీకి హైదరాబాదు సంస్థ ఒకటి చేరింది. తెలుగునేల నుంచి ఒక జట్టు అంత దూరం వెళ్ళినా ఆ వేదికపై తెలుగుకు చోటు దక్కలేదు. ఇందుకు గల కారణాలను ఈ వ్యాసం పోటీ నియమాల్లోను, సంస్థల స్వభావంలోను వెతుకుతుంది. తిరుపతిలో నిలిచి ఉన్న శాస్త్రపరీక్షా సంప్రదాయంతో పోల్చి, తెలుగులో జట్టు క్విజ్‌కు గల అవకాశాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: క్విజ్, దూరదర్శన్, విశ్వవిద్యాలయం, శలాకాపరీక్ష, అవధానం, ప్రశ్నరచన.

1. ఉపోద్ఘాతం:
ఏ సమాజమైనా తన విద్యావంతులను ఏమని ప్రశ్నిస్తుందో గమనిస్తే, అది దేన్ని విద్యగా భావిస్తున్నదో తెలుస్తుంది. ఆ దృష్టితో చూస్తే టెలివిజన్ క్విజ్ కూడా విద్యాచరిత్రకు ఆధారమే. అందులో ప్రశ్న అడిగే భాష, జవాబు చెప్పేందుకు కూర్చున్న సంస్థలు, ప్రశ్నకు అర్హమైనదిగా ఎంచుకున్న విషయం అనే మూడూ నమోదై ఉంటాయి. ఈ మూడింటినీ విడివిడిగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పోటీ పుట్టుక, నియమాలు:
ఈ ప్రక్రియకు మూలం అమెరికాలోని 'కాలేజ్ బౌల్'. అది 1953లో రేడియోలో మొదలై, 1959లో టెలివిజన్‌కు వచ్చింది. దాని ఆధారంగా బ్రిటన్‌లో గ్రెనడా సంస్థ 1962 సెప్టెంబరు 21న 'యూనివర్సిటీ ఛాలెంజ్'ను ప్రారంభించింది. బాంబర్ గాస్కోయిన్ 1987 వరకు ప్రశ్నలు అడిగారు. 1994లో బీబీసీ దానిని పునరుద్ధరించినప్పుడు ఆ స్థానంలోకి జెరెమీ పాక్స్‌మన్ వచ్చారు.

జట్టుకు నలుగురు. తొలి ప్రశ్నకు పది మార్కులు. దానికి ఎవరికి వారే బజర్ నొక్కి జవాబు చెప్పాలి, తోటివారిని సంప్రదించకూడదు. జవాబు సరైనదైతే ఆ జట్టుకు ఐదేసి మార్కుల అనుబంధ ప్రశ్నలు మూడు దక్కుతాయి. వాటికి నలుగురూ కలిసి ఆలోచించవచ్చు. ప్రశ్న ముగియకముందే బజర్ నొక్కి తప్పు చెబితే ఐదు మార్కులు పోతాయి. వేగం ఒక్కరిది, నిదానం నలుగురిది. తొందరపాటుకు మాత్రం జట్టంతా మూల్యం చెల్లిస్తుంది.

3. భారతదేశానికి రాక:
కళాశాల జట్ల క్విజ్‌ను దేశమంతటికీ పరిచయం చేసినది 1985లో దూరదర్శన్‌లో వచ్చిన 'క్విజ్ టైమ్'. దాని నిర్వాహకులు సిద్ధార్థ బసు తరువాత 'మాస్టర్‌మైండ్ ఇండియా'ను, 2003 నుంచి 'యూనివర్సిటీ ఛాలెంజ్' భారతీయ రూపాన్ని నడిపారు. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్‌లో ఆరంభించిన ఉన్నతవిద్యా ప్రసారాలు కూడా ఇంగ్లీషులోనే సాగాయి. ఉన్నతవిద్య తెరమీదికి వచ్చేటప్పటికే దాని భాష నిర్ణయమై ఉందన్నమాట.

4. రెండు తుదిపోటీలు – నాలుగు సంస్థలు:
2004 మార్చిలో ప్రసారమైన మొదటి తుదిపోటీలో ముంబయిలోని సర్దార్ పటేల్ ఇంజనీరింగ్ కళాశాల, అహమ్మదాబాదులోని ఐ.ఐ.ఎం.ను ఓడించింది. 2004-05 తుదిపోటీలో ఢిల్లీలోని నేతాజీ సుభాష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు, హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ జట్టుపై గెలిచారు.

ఈ నాలుగు పేర్లను పక్కపక్కన ఉంచితే ఒక విషయం స్పష్టమవుతుంది. రెండు ఇంజనీరింగ్ సంస్థలు, రెండు మేనేజ్‌మెంట్ సంస్థలు. పోటీ పేరులో విశ్వవిద్యాలయం ఉంది. తుదిపోటీలో మాత్రం సాహిత్యం, చరిత్ర, శాసనశాస్త్రం, విజ్ఞానశాస్త్రాలు ఒకే ఆవరణలో బోధించే సర్వశాఖా విశ్వవిద్యాలయం పేరున ఒక్క జట్టూ లేదు. 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తెలుగునేలపై ఉన్నప్పటికీ దేశం నలుమూలల నుంచి విద్యార్థులను తీసుకునే సంస్థ. కాబట్టి దాని విజయపరంపరను తెలుగు విద్యారంగ ప్రాతినిధ్యంగా లెక్కించడం కుదరదు.

ఆ విద్యార్థుల ప్రతిభను తక్కువ చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. కఠినమైన ప్రవేశపరీక్షలు దాటి, ఇంగ్లీషులోనే చదివి, మాట్లాడి, పత్రికలు చదివే వారికి ఆ వేదిక సొంత ఇల్లు. చిత్తూరు జిల్లా గ్రామీణ ప్రాంతంలో తెలుగు మాధ్యమంలో చదివి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వచ్చే విద్యార్థి అదే ప్రశ్నను ముందు అర్థం చేసుకోవాలి, తరువాత జవాబు గుర్తు తెచ్చుకోవాలి, ఆపైన బజర్ నొక్కాలి. క్షణాలతో తేలే పోటీలో ఈ అదనపు మెట్టే ఓటమికి చాలు.

5. తెలుగు తెరపై క్విజ్:
తెలుగు క్విజ్‌కు పెద్ద వేదిక దొరకనిది కాదు. 2014లో మా టీవీలో నాగార్జున నిర్వహణలో 'మీలో ఎవరు కోటీశ్వరుడు', 2021లో జెమినీ టీవీలో జూనియర్ ఎన్.టి.ఆర్. నిర్వహణలో 'ఎవరు మీలో కోటీశ్వరులు' వచ్చాయి. ఇవి సామాన్యులను తెలుగులోనే ప్రశ్నించాయి. అయితే అక్కడ కూర్చునేది వ్యక్తి, గెలిచేది ధనం, జవాబు నాలుగు ఐచ్ఛికాలలో ఒకటి. ఈ విధంగా ఒక విభజన ఏర్పడింది: జట్టుగా, సంస్థ పేరున, ఐచ్ఛికాలు లేకుండా జ్ఞానాన్ని పరీక్షించే పోటీ ఇంగ్లీషుకు, వ్యక్తి అదృష్టాన్ని మలుపు తిప్పే పోటీ తెలుగుకు. మన విశ్వవిద్యాలయాలు గమనించవలసినది ఈ విభజననే.

6. తిరుపతిలోని పరీక్షా సంప్రదాయం:
సభలో ప్రశ్నించి విద్యను నిగ్గుతేల్చడం తిరుపతికి కొత్త కాదు. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇక్కడి సంస్కృత విద్యాపీఠం, దేశంలోని సంస్కృత విద్యాసంస్థల విద్యార్థులను ప్రతిభా ఉత్సవానికి రప్పించి పోటీలు జరుపుతూ వచ్చింది. శాస్త్రాధ్యయన సంప్రదాయంలోని శలాకాపరీక్ష ఇక్కడ ప్రస్తావించదగినది. గ్రంథంలోకి ఒక పుల్లను దూర్చి, అది చూపిన పుటలోని విషయాన్ని విద్యార్థి వివరించాలి. ఏ పుట వస్తుందో పరీక్షకునికీ తెలియదు. అనూహ్యతలో ఇది క్విజ్‌కు దగ్గరే. కాని జవాబు ఒక్క పదంతో ముగియదు, వ్యాఖ్యానంగా సాగుతుంది.

అష్టావధానంలోనూ ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్కరి ధారణను, సృజనను పరీక్షిస్తారు. అక్కడ ప్రశ్నించేవారు కూడా పండితులు కావాలి. సమస్య పేలవంగా ఉంటే పృచ్ఛకుడే సభలో చిన్నబోతాడు. ప్రశ్నరచన కూడా విద్యే అన్న ఈ గుర్తింపు మన సంప్రదాయం నుంచి క్విజ్ నేర్చుకోదగినది.

7. తెలుగులో ప్రశ్నవాక్యం:
'తెలుగు క్విజ్‌కు అనుకూలం కాదు' అనే అభిప్రాయాన్ని వాక్యనిర్మాణ దృష్టితో పరీక్షించవచ్చు. ఇంగ్లీషులో ప్రశ్నపదం సాధారణంగా వాక్యం మొదటనే వస్తుంది. అడిగేది ఊరా, వ్యక్తా అన్నది ముందే తెలుస్తుంది. తెలుగులో విశేషణాలన్నీ ముందు నడిచి, విశేష్యం, ప్రశ్నపదం చివరికి చేరతాయి. ఉదాహరణకు: 'రవీంద్రనాథ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో బస చేసి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన కళాశాల ఏ పట్టణంలో ఉంది?' 'అనువదించిన' అనేవరకు విన్న విద్యార్థికి ప్రశ్న కళాశాల గురించో, గీతానికి స్వరం కూర్చిన మార్గరెట్ కజిన్స్ గురించో తేలదు. ముందే బజర్ నొక్కితే ఐదు మార్కులు పణంగా పెట్టినట్లే. జవాబైన మదనపల్లె చివరిదాకా దాగి ఉంటుంది. పొడుపుకథకు బిగువునిచ్చే ఈ వాక్యక్రమం బజర్ పోటీకి కూడా సహజబలమే.

విషయానికీ కొరత లేదు. తిరుమల ఆలయంలో వెలుగుచూసిన తాళ్ళపాక రాగిరేకులు, వాటి పరిష్కరణలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మల కృషి, ఆరవీటి రాజుల చంద్రగిరి, పై వాతావరణాన్ని పరిశోధించే గాదంకి ఎం.ఎస్.టి. రాడార్ – సంగీతం నుంచి భౌతికశాస్త్రం దాకా ఒకే ప్రాంతంలో ప్రశ్నలు పుట్టగలవు.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• భారతీయ 'యూనివర్సిటీ ఛాలెంజ్' రెండు తుదిపోటీల్లోని నాలుగు జట్లూ సాంకేతిక, నిర్వహణ సంస్థలవే.
• 2004-05లో హైదరాబాదు జట్టు తుదిపోటీకి చేరినా, ఆ వేదికపై తెలుగు భాషకు గాని, ప్రాంతీయ విద్యకు గాని ప్రవేశం లభించలేదు.
• తెలుగు వాక్యక్రమం జట్టు క్విజ్‌కు ఆటంకం కాదు. ప్రశ్న బిగువును అది పెంచుతుంది.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983), సంస్కృత, వేద, పశువైద్య విశ్వవిద్యాలయాలు ఒకే పట్టణంలో ఉన్నాయి; కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం (1997) ఉంది. జట్ల మధ్య పోటీకి ఇంతకంటె అనువైన చోటు అరుదు. టెలివిజన్ పిలుపు కోసం ఎదురుచూడకుండా, పరిశోధక విద్యార్థుల చేత ప్రశ్నలు రాయించడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. తన నేల గురించి తన భాషలో మంచి ప్రశ్న కూర్చగలిగిన విద్యార్థి, ఆ విషయాన్ని జవాబు చెప్పేవానికంటె లోతుగా చదవక తప్పదు. పరిశోధనకు అదే తొలిమెట్టు.