మూడు మూలల ఫా

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా బంధువులింట్లో పియానో మీద పుస్తకం ఉండాల్సిన చోట ట్యాబ్ ఉంది. తెర మీద అయిదు గీతల స్టాఫ్, దానిమీద ఒక నల్లచుక్క. తొమ్మిదేళ్ల పాప ఒక మెట్టు నొక్కింది, చుక్క ఆకుపచ్చగా మారింది. తర్వాతి చుక్కకి ఎర్రరంగు వచ్చింది. ‘అయ్యో, బేస్ క్లెఫ్!’ అని నాలుక్కరుచుకుంది.

తప్పు పాపది కాదు. ట్రెబుల్ క్లెఫ్ అంటే గీతల మొదట్లో ఉండే మెలికలు తిరిగిన ‘జీ’ అక్షరం. దాని చుట్ట కిందినుంచి రెండో గీతను పట్టుకుని, ఇదే జీ అంటుంది. బేస్ క్లెఫ్ మొదట్లో ‘ఎఫ్’ అక్షరం, దాని రెండు చుక్కల మధ్య గీత ఎఫ్. దాంతో జీ ఉన్న ఆ రెండో గీతే ఇక్కడ బీ అయిపోతుంది.

స్వరాలు చూసి పాడడం నేర్పే తంటా అమెరికాలో పాతదే. 1640లో మసాచుసెట్స్‌లో అచ్చయిన ‘బే సామ్ బుక్’ అనే చర్చి కీర్తనల పుస్తకంలో మాటలే తప్ప బాణీలు లేవు. 1698 కూర్పులో 13 బాణీలు చేరాయి. చర్చిల్లో ఒకరు పాదం అందిస్తే మిగతావాళ్లు అందుకునేవారు, ఎవరి సాగదీత వాళ్లది. 1720లలో కొందరు పాస్టర్లు స్వరం చూసి పాడండని పట్టుబట్టేసరికి పెద్ద రగడే అయింది. స్వరాల పేర్లే దైవదూషణ అన్నవాళ్లూ ఉన్నారు. ఫా, సోల్, లా, మీలలో వాళ్లకేం బూతు వినిపించిందో!

1801లో ఫిలడెల్ఫియాలో విలియం లిటిల్, విలియం స్మిత్ ‘ఈజీ ఇన్‌స్ట్రక్టర్’ అచ్చువేశారు. వాళ్ల ఉపాయం చుక్క ఆకారంలో ఉంది. ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మీ పేకముక్క మీది డైమండు. గీతలు లెక్కపెట్టక్కర్లేదు, క్లెఫ్ వంక చూడక్కర్లేదు. ఆకారమే స్వరం పేరు చెప్పేస్తుంది.

మనకిది వింతగా తోచకూడదు. స్టాఫ్ చుక్క చెప్పేది ఏ మెట్టు నొక్కాలో. ఈ ఆకారం చెప్పేది ఆధార షడ్జమానికి ఎంత దూరంలో ఉన్నామో. మన ‘స’లాగే ఇదీ శ్రుతిని బట్టి జరుగుతుంది. 1844లో బి. ఎఫ్. వైట్, ఇ. జె. కింగ్ తెచ్చిన ‘సేక్రెడ్ హార్ప్’ పుస్తకంతో ఇప్పటికీ పాడేవాళ్లున్నారు. నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుంటారు, పాట ఎత్తుకునేవాడు నడుమ నిలబడతాడు. అందరి చేతులూ పైకీ కిందికీ తాళం వేస్తుంటాయి. ముందు స్వరం, తర్వాతే సాహిత్యం. గీతం నేర్చుకున్నవాళ్లెవరికైనా తమ పాటల క్లాసు గుర్తుకొస్తుంది.

అమెరికా పట్నాలవాళ్లకు మాత్రం ఈ ఆకారాల పద్ధతి నచ్చలేదు. లోవెల్ మేసన్ పూనికతో 1838లో బోస్టన్ బడుల్లో సంగీతం పాఠ్యాంశమైంది, కాని గుండ్రటి చుక్కలతోనే. ఆకారపు చుక్కల్ని ‘బక్‌వీట్ నోట్లు’ అని వెక్కిరించారు. బక్‌వీట్ గింజకు మూడు మూలలుంటాయి. అవి ఉత్తరాన తగ్గి దక్షిణాన పల్లె చర్చిల్లో నిలిచాయి. మన వైపు మద్రాసులో చిన్నస్వామి మొదలియారు 1890లలో కీర్తనల్ని స్టాఫ్ గీతల మీదికి ఎక్కించారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఆ గీతల జోలికి పోకుండా తెలుగు అక్షరాలకే గమకాల గుర్తులు తగిలించారు. నా ఓటు దీక్షితులకే.

పాప శనివారాలు సరళీ వరుసలు కూడా నేర్చుకుంటోంది. ‘ఇందులో స ఏ గీత మీద ఉంటుంది?’ అనడిగింది. కాగితం మీద పెన్సిలుతో ఆకారాలు వేసి చూపించాను. ముందు డైమండును వెతుకు, దాని పైమెట్టున ఉన్న త్రికోణమే స. శంకరాభరణంలో సరిగమపదని అంటే ఆకారాలు చూసి పాడేవాళ్లకు, ఉన్న నాలుగు పేర్లనే తిప్పి, ఫా సోల్ లా ఫా సోల్ లా మీ.

‘మరి మ కూడా త్రికోణమేం?’

సరిగ వాయించమన్నాను. తర్వాత మపద. రెండోసారి వాయించి, చెవి ఒగ్గి, ‘నడక ఒకటే’ అంది. ట్యాబ్ తెర అప్పటికే ఆరిపోయింది.