స్వయం ఉపాధిలో సమయ నిర్వహణ

జీతమిచ్చే యజమాని లేకుండా సొంత పని మీద బతికేవారు తమ పనిగంటలను, గడువులను, రాబడిని తామే సర్దుకునే తీరును స్వయం ఉపాధిలో సమయ నిర్వహణ అంటారు. దర్జీ, ఆటో డ్రైవరు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు, చేనేత కార్మికుడు, ఇంట్లో ట్యూషన్ చెప్పే టీచరు, ఫ్రీలాన్సు ప్రోగ్రామరు అందరూ దీని కిందికి వస్తారు. మన దేశంలో ఇది కొద్దిమంది గొడవ కాదు. 2023-24 శ్రామిక శక్తి సర్వే ప్రకారం పనిచేసేవారిలో 58.4 శాతం స్వయం ఉపాధిలోనే ఉన్నారు. సొంత సేద్యం చేసే రైతులు, ఇంటి వ్యాపారంలో కూలి లేకుండా చెయ్యి వేసేవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. నెల జీతగాళ్లు 21.7 శాతమే. అయినా సమయం గురించి వచ్చే పుస్తకాలు చాలావరకు ఆ జీతగాళ్లను ఉద్దేశించి రాసినవే.

గడియారానికి ముందు

పనిని నిమిషాల్లో కొలిచే అలవాటు ఫ్యాక్టరీలో పుట్టింది. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచీ పట్టుకుని కార్మికుల కదలికలను కొలిపించి, 1911లో ఆ పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. అక్కడ గంటలు యజమానివి, ఆదా అయిన నిమిషమూ యజమానిదే.

అంతకుముందు పని ఎలా నడిచేదో బ్రిటిష్ చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ఒక వ్యాసంలో వివరించాడు. ఇంగ్లండులో నేతగాళ్లు, చెప్పులు కుట్టేవారు సోమవారం పని ముట్టేవారు కాదు. దానికి ‘సెయింట్ మండే’ అని సరదా పేరు కూడా ఉండేది. వారం చివర్లో మాత్రం రాత్రీపగలూ కూర్చుని సరుకు పూర్తిచేసేవారు. తన పని తన చేతిలో ఉన్న మనిషి కొన్నాళ్లు విరగబడి చేయడం, కొన్నాళ్లు తీరుబడిగా ఉండడం సహజమని, సొంత పని చేసుకునేవారిలో ఆ తీరు ఇంకా పోలేదని థాంప్సన్ గమనించాడు. దీన్ని బద్ధకం కింద జమకట్టడం తేలికే గాని, సరైంది కాదు.

‘రేపు రండమ్మా’

లేడీస్ టైలరు నోట ‘రేపు సాయంత్రం రండమ్మా, హుక్కులే మిగిలాయి’ అన్న మాట విననివారు తెలుగునాట అరుదు. వినేవాళ్లు దాన్ని అబద్ధం అనుకుంటారు. చాలాసార్లు అది తప్పుడు అంచనా మాత్రమే, చెప్పినవాడు కూడా నిజమనే నమ్మిన అంచనా. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లో ఈ పొరపాటును గుర్తించి దానికి ఒక పేరు పెట్టారు. తెలుగులో ప్రణాళికా భ్రమ అనవచ్చు. 1994లో కెనడా పరిశోధకులు కొందరు విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున 33.9 రోజులన్నారు. ఎదురయ్యే అడ్డంకులన్నీ ఎదురైతే? 48.6 రోజులన్నారు. చివరికి పట్టింది 55.5 రోజులు.

మనసు ఈసారి చేయబోయే పనిని వరస తప్పకుండా ఊహించుకుంటుంది, పోయినసారి ఏం జరిగిందో అడగదు. కరెంటు పోవడం, మిషను బెల్టు తెగడం, లైనింగ్ రంగు కలవకపోవడం, ఆది జాకెట్టు ఇచ్చినావిడ ఈలోగా ఒళ్లు చేయడం, ఇవేవీ రోజూ జరగవు. కానీ వీటిలో ఏదో ఒకటి జరగని వారం ఉండదు.

దీనికి మందు దర్జీ బిల్లు పుస్తకంలోనే ఉంది. అందులో కొలతలు, అడ్వాన్సు, ఇస్తానన్న తేదీ ఉంటాయి, మూలన బట్ట ముక్క పిన్ను చేసి ఉంటుంది. నిజంగా ఇచ్చిన తేదీ మాత్రం ఎక్కడా ఉండదు. ఇస్తానన్న తేదీ పక్కన ఇచ్చిన తేదీని రెండు నెలలపాటు రాస్తే తన ‘రేపు’ సగటున ఎన్ని రోజులో తేలిపోతుంది. ఆ తర్వాత చెప్పే గడువు ఊహ మీద కాకుండా ఆ లెక్క మీద నిలబడుతుంది.

లెక్కలోకి రాని గంటలు

ఒక ఉదాహరణ. లైనింగ్ జాకెట్టు కుట్టినందుకు ఆరు వందలు తీసుకుంటే, అందులో లైనింగు, దారం, హుక్కులకు వంద పోగా ఐదు వందలు మిగిలాయనుకుందాం. కత్తిరింపుకి, మిషనుకి కలిపి రెండు గంటలు పడితే గంటకు 250 వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ కొలతలు, మెడ డిజైను మీద మాటలకు 20 నిమిషాలు, రంగు కలిసే లైనింగు కోసం బజారుకు 30, హెమ్మింగు, హుక్కులకు 40, లూజు సరిచేయడానికి మరో 30 నిమిషాలు పట్టాయి. ఇంకో రెండు గంటలన్నమాట. గంట విలువ 125కి దిగింది. సొంత పనిలో పెద్ద చిల్లు ఇక్కడే ఉంటుంది. ధర చెప్పేటప్పుడు మిషను మీద కూర్చున్న సమయమే గుర్తుంటుంది.

అనుభవమున్న దర్జీలు ఈ గంటలను మూటగట్టి తగ్గిస్తారు. వెలుగులో రంగు బాగా తెలుస్తుందని కత్తిరింపులన్నీ పొద్దున్నే పెట్టుకుంటారు. కుట్టేటప్పుడు దారం రంగును బట్టి కట్టలు కడతారు, ఎరుపు చీరలవన్నీ ఒకేసారి. హుక్కుల పని బయట ఇచ్చేస్తారు.

లెక్కలోకి రాని శ్రమకు చేనేత అసలైన నమూనా. పోచంపల్లి తరహా చీరకు నేత మొదలుకాకముందే ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు తిప్పే ఈ పని సాధారణంగా ఆ ఇంటి ఆడవాళ్లది, దానికి విడిగా కూలి లేదు. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం ఏళ్లు శ్రమపడి 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం, చేత్తో నాలుగైదు గంటలు పట్టే పనిని గంటన్నరకు తెచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సొంత పనివాళ్ల సమయం గురించి మాట్లాడేటప్పుడు ఏ డైరీ పద్ధతికన్నా ముందు ఈ యంత్రాన్ని తలుచుకోవాలి.

ఇంట్లో ఉండి పనిచేసే స్త్రీలకు ఇంకో చిక్కు ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది; అలాంటి పని చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. ఐదు గంటలు ముందే పోయిన రోజును పుస్తకాలిచ్చే ‘పొద్దున్నే ముఖ్యమైన పని’ సలహా ఏం చక్కదిద్దుతుంది?

ఈ రోజుకు చాలు

‘వెయ్యి వస్తే ఇంటికి’ అని రోజుకో లక్ష్యం పెట్టుకోవడం డ్రైవర్లలో మామూలే. కాలిన్ కెమరర్, రిచర్డ్ థాలర్ తదితరులు న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల రికార్డులు పరిశీలించి 1997లో ఒక విచిత్రం చెప్పారు. గిరాకీ బాగున్న రోజు లక్ష్యం తొందరగా అందడంతో డ్రైవర్లు ముందే బండి ఆపేస్తున్నారట, మందంగా ఉన్న రోజు ఎక్కువసేపు తిరుగుతున్నారట. ఆర్థిక లెక్క ప్రకారం ఇది తలకిందులు. అనుభవజ్ఞుల్లో ఈ ధోరణి తక్కువగా కనిపించింది. హెన్రీ ఫార్బర్ అనే ఆర్థికవేత్త తర్వాత దీంతో విభేదించాడు. డ్రైవరు బండి ఆపేది లక్ష్యం చేరినందుకన్నా అలసిపోయినందుకేనని ఆయన వాదన. వాదం ఎటు తేలినా, వారం మొత్తానికి ఒక లక్ష్యం పెట్టుకుంటే మంచి రోజును వదులుకోవాల్సిన అవసరం ఉండదు.

ప్రచారంలో ఉన్న పద్ధతులు

ఇటలీ విద్యార్థి ఫ్రాంచెస్కో చిరిల్లో 1980ల చివర్లో టొమాటో ఆకారపు వంటింటి టైమరుతో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతిలో 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం ఉంటాయి. ఒంటరిగా రాసుకునేవారికి, కోడ్ చేసేవారికి ఇది పనికొస్తుంది. కొట్టు తెరిచి కూర్చున్నవాడికి కాదు, గిరాకీ టైమరు చూసి రాదు. ఇచ్చిన గడువంతా నిండేదాకా పని సాగుతుందని సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ‘ది ఎకనామిస్ట్’లో వ్యంగ్యంగా రాసినది కూడా ప్రభుత్వ కార్యాలయాలను చూసే, సొంత పనివాళ్లను చూసి కాదు.

సీజను

సొంత పనివాళ్ల కాలానికి అసలు పంచాంగం గిరాకీయే. తెలుగు నాట ఇది అక్షరాలా పంచాంగమే. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఫొటోగ్రాఫర్లు, వంటవాళ్లు, షామియానావాళ్లు ఖాళీ. పాత బాకీలు వసూలు చేసుకోవడానికి, కెమెరా, సామాను బాగుచేయించుకోవడానికి అదే అదను. రిజిస్టరైన చిన్న పరిశ్రమకు, సేవలందించే సంస్థకు కొన్నవారు ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. అడిగే తీరిక లేక దాన్ని వాడుకునేవారు తక్కువ. ముందస్తు ఆదాయపు పన్నుకు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలు గోడ క్యాలెండరు మీద ఎర్రగా చుట్టి పెట్టుకోవాల్సినవి.

దర్జీకి మాత్రం ఆషాఢం ఖాళీ కాదు. ఆషాఢం సేల్‌లో కొన్న చీరలన్నీ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవాలి కాబట్టి జాకెట్టు బట్టలు సంచులు సంచులుగా వచ్చిపడతాయి. శ్రావణం మొదటి వారానికి కొట్టు ముందు ఒక అట్టముక్క వేలాడుతుంది, ‘పండగ వరకు ఆర్డర్లు తీసుకోబడవు’ అని స్కెచ్ పెన్నుతో రాసి. బిల్లు పుస్తకంలో రెండో తేదీ కూడా రాసుకునే దర్జీ ఆ అట్టను ఇంకో పది రోజులు ముందే కడతాడు.