కుందేటి మేతయు, మొక్కల పేర్లును



నేను తాటిపాకలో విశ్రాంతి గొనుచున్న బడిపంతులను. బాల్యమున గురుసన్నిధిని అమరకోశము వల్లించితిని. అందలి వనౌషధివర్గము నాకిప్పటికిని కంఠస్థమే. అయిననేమి? ఒకనాడు చేలగట్టుపై ఆ విద్య నాకు అక్కఱకు రాలేదు.

మా మనుమడు రెండు సీమకుందేళ్ళను పెంచుచున్నాడు. ఇవి స్పెయిను ప్రాంతమున పుట్టిన జాతి. మన చేలలో తిరుగు చెవులపిల్లి వేఱు. దానిని పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఒక ఉదయమున వాడు గుప్పెడు ఆకులు కోసి తెచ్చి, "తాతగారూ, ఇవి పెట్టవచ్చునా?" అని యడిగెను. గరికకు పర్యాయపదములు చెప్పగలను గాని, ఆ గుప్పెటిలో ఏది మేతయో, ఏది విషమో చెప్పలేకపోతిని. ఊడ్పులకు వచ్చిన పెద్దావిడ యొకతె అందుండి గన్నేరు రెబ్బను తీసి పాఱవైచి, "ఇది తింటే సచ్చిపోద్దండీ, పంతులుగారూ" అనెను.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. అమరమున గన్నేరునకు 'హయమారకము' అను పేరు కలదు. గుఱ్ఱమును చంపునది యని యర్థము! ఏబదియేండ్లు వల్లించియు, అది హెచ్చరిక యని యెఱుగనైతిని. గుఱ్ఱమునే చంపునది కుందేటిని విడుచునా? 'ఉన్మత్త' మను మాటనుండియే మన ఉమ్మెత్త వచ్చినది. తిన్నవారికి మతి చెడును. గరికకు 'శతపర్విక' యని పేరు. నూఱు కణుపులు గలది యని భావము. నేలపై ప్రాకుచు, కణుపు కణుపునకు వేళ్ళు దింపు గడ్డిని చూచినచో ఆ పేరే గుర్తు చూపును. పూర్వులు పేరులోనే ఆనవాలును, హెచ్చరికను నిలిపిరి.

ఈ పేర్లను జనుల నోటినుండి సేకరించిన వారును గలరు. 1781 మొదలు 1793 వఱకు మన సామర్లకోటలో నున్న విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు, ఈ తీరపు మొక్కలకు దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, తెలుగు పేర్లను గూడ వ్రాసి యుంచెను. ఆయన గ్రంథము 1795 మొదలుకొని లండనులో భాగములుగా వెలువడెను. 1859లో వాల్టర్ ఇలియట్ 'ఫ్లోరా ఆంధ్రికా' యను పేర ఉత్తర సర్కారుల మొక్కల పట్టికను ప్రకటించెను. వారికి పేర్లు చెప్పినవారు మా పెద్దావిడవంటివారే అయియుందురు.

అయితే పాతపేర్లు క్రొత్త మొక్కలకు కావలి కాయలేవు. అమెరికా ఖండమునుండి వచ్చిన వయ్యారిభామ 1950వ దశకమున పూనాయొద్ద గుర్తింపబడి, నేడు దేశమెల్ల వ్యాపించినది. చీలిన ఆకులు, తెల్లని చిన్నపూలు దాని గుర్తులు. పేరు మనోహరము, మొక్క హానికరము. తాకినచో కొందఱికి చర్మము పొక్కును, మేతకు పనికిరాదు.

జంతువు తనకు తానే తెలిసికొనునను నమ్మికయు చాలదు. ఉమ్మెత్తయందుండు అట్రోపిన్ అను విషమును విఱుచు పదార్థము కొన్ని కుందేళ్ళ రక్తములో వంశపారంపర్యముగా నుండుననియు, అన్నిటికి లేదనియు 1943లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. కావున ఒకటి తిని బ్రతికినదని రెండవదానికి పెట్టరాదు. పైగా కుందేలు తిన్నదానిని వాంతి చేసికొనజాలదు; లోనికి పోయినది లోననే యుండును.

మేతలో అధికభాగము గడ్డియే కావలెను. గరికయైనను, పురుగుమందు చల్లని గట్టుననే కోయవలెను. క్రొత్త ఆకును కొలదికొలదిగా అలవాటు చేయవలెను. పేరు రూఢిగా తెలియని ఆకును పెట్టకుండుటయే మేలు.

పెద్దలారా! మీరెఱిగిన మొక్కల పేర్లు మీతోనే పోనీయకుడు. మనుమలను గట్లవెంట తీసికొనిపోయి, ఆకును చేత బెట్టి, పేరు చెప్పుడు. మా మనుమడిప్పుడు ఆ పెద్దావిడకు శిష్యుడు. వానివెంట నేనును పోవుచున్నాను. సెలవు.